పడుగు పరిచిన నేల

మొన్న దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టారు. బస్సులు ఆగిపోయాయి, దుకాణాల షట్టర్లు సగానికి దిగాయి. తెలంగాణ కావాలని పాటలు పాడుకుంటూ కుర్రవాళ్ళు రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గుండిగలు ఎక్కించి, అన్నం ఉడికాక ఇద్దరిద్దరు పట్టి గంజి వంపుతుంటే, ఆ వేడి గంజి తారు మీద పారి, ఎండకు కాగి, ఆవిరై లేచి నా ముక్కుకు తగిలింది. పోలీసులు ఒక పక్క, జెండాలు ఒక పక్క, నేను మధ్యలో నిలబడిపోయాను. "తాతా, జర పక్కకు జరుగు, కాళ్ళు కాల్తయ్" అని ఒక పిల్లవాడు నా రెక్క పట్టి లాగాడు. వాడు తలకు కట్టుకున్న గుడ్డ మీద 'మన భూమి మనకే' అని రాసి ఉంది. ఏ భూమి బిడ్డా, అని అడగబోయాను. నేను నోరు తెరిచేలోపు వాడు డప్పుల వైపు పరుగెత్తాడు. వాడితో చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను బడికి పోయింది తక్కువ, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. తప్పులుంటే దిద్దుకోండి గాని, మాట మాత్రం వినండి.

మాది పోచంపల్లి పక్కన ఒక సాలె పల్లె. చీరలో పొడుగునా పోయే నూలును పడుగు అంటారు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు ఆరుబయట చాపి, గంజి పట్టించి, పోగుకు పోగు అంటుకోకుండా తడి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. దానికి ఇల్లు చాలదు, వాకిలి చాలదు. ఊరి చివర పొడుగాటి చదును నేల కావాలి. మాకు అలాంటి నేల ఒకటి ఉండేది. ఇంకా మంచు కురుస్తుండగానే కత్తెరలా కట్టిన కర్రల మీద పడుగులు పరుచుకునేవి. ఎరుపూ నలుపూ నూలు మీద మొదటి ఎండ పడేసరికి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నేలకు రంగు వేసినట్టుండేది. మేము తినేది జొన్నరొట్టె, పచ్చి పులుసు. నూలుకు పెట్టేది మాత్రం బియ్యం గంజి. ఆ కుండ అడుగున మిగిలిన మెతుకుల కోసం పిల్లలం కొట్లాడుకునేవాళ్ళం.

చలికాలం సీతాఫలాల గింజలు ఊసుకుంటూ, ఎండాకాలం తునికి పండ్లు జేబులు ఖరాబయ్యేదాకా నింపుకుంటూ మేం పెరిగింది ఆ నేల మీదే. మధ్యాహ్నం దాని మీద పశువులు పడుకునేవి, సాయంత్రం మేం చిర్రగోనె ఆడేవాళ్ళం. బతుకమ్మ నాళ్ళలో ఆడవాళ్ళు అక్కడే గుండ్రంగా తిరిగి, చీకటి పడే వేళకు సత్తుపిండి, మలీద ముద్దలు అందరి చేతుల్లో పెట్టేవాళ్ళు. కాగితం మీద అది దొరది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరికీ పట్టేది కాదు.

ఎందుకంటే ఆ నేలకు ఒక కట్టుబాటు ఉండేది. పరిచిన పడుగును ఎవరూ దాటరు, కింది నుంచి దూరరు. ఎంతటివాడైనా చుట్టు తిరిగి పోవాల్సిందే. ఒకనాడు దొర కచ్చరం తోలే మల్లయ్య తొందరలో ఎడ్లను పడుగు మీదికే తెచ్చాడు. మా నాయనమ్మ సత్తెమ్మ కుంచె దించకుండానే అంది: "ఎడ్లకు కండ్లున్నయ్ గద మల్లయ్యా, నీవి యాడ పెట్టొచ్చినవ్? సుట్టు తిరిగి పో." కచ్చరంలో దొర ఉన్నాడు. తెర తీసి ఒకసారి చూసి, మళ్ళీ తెర వేసుకున్నాడు. బండి చుట్టు తిరిగి పోయింది.

తర్వాత గడబిడ వచ్చింది. నిజాం రాజ్యం కూలబోయే ముందు, కూలిన తర్వాత కూడా, పగలు ఒక రకం తుపాకులు, రాత్రి ఇంకో రకం తుపాకులు. దొర ముందే పట్నం పారిపోయాడు. ఊళ్ళో సంఘం వాళ్ళు ఆయన పొలాలను కౌలుదార్లకూ, జీతగాళ్ళకూ పంచారు. వాళ్ళు ఏడుస్తూ నవ్వుతూ దున్నడం నేను చూశాను. మా నేల మాత్రం ఎవరి పంపకంలోకీ రాలేదు, అది ఎప్పటిలాగే మాదనుకున్నాం. కాని ఒక పొద్దున లేచి చూస్తే పగటి తుపాకుల వాళ్ళ గుడారాలు దాని మీదే ఉన్నాయి. ఊరికి దగ్గరలో చదునైన జాగా అదొక్కటే కదా. మేకులు దిగాయి, గుర్రాలు కట్టారు, గుంతలు తవ్వారు. పడుగు పరిచే చోటు లేకపోతే మగ్గం ఉట్టి కట్టె. పొలం ఉన్నవాడు ఆకు అలమైనా తిని నిలుస్తాడేమో, మేం నిలవలేకపోయాం. మగ్గం విప్పి బండికి కట్టి, పట్నం బాట పట్టాం. నాయనమ్మ తోవంతా కుంచెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఎల్బీనగర్ అని పిలిచే చోట అప్పుడు రాతి గుండ్లూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేవు. అక్కడ బండి ఆపి సద్ది తిన్నాం. సరూర్‌నగర్‌లో మా మేనత్త ఇంటి కొట్టంలో దిగాం.

తుపాకులు సద్దుమణిగాయని విని నాయన ఊరికి పోయి చూసొచ్చాడు. దొర మిలిటరీ వెనకాలే తిరిగొచ్చాడట. పంచిన పొలాలు మళ్ళీ ఆయన కిందికే పోయాయి. పడుగుల నేలను దున్నించి ఆముదాలు చల్లించాడు. నాయన అడిగితే దొర మనిషి అన్నాడట: "ఇడిసి పోయినోనికి జాగ యాడిదిరా?"

"పానం కోసం పోయినం గని జాగ ఇడిసి పోలే" అన్నాడట నాయన. అంతే, ఇంకేం మాట్లాడనివ్వలేదు.

ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది. దున్నేవాడికే భూమి అన్నారు. మంచి మాట, నేనూ చేతులెత్తి మొక్కుతాను. మరి దున్నకుండా ఆ భూమి మీదే బతికినవాడి సంగతేమిటి? పడుగు చాపేవాడు, గొర్లు మేపేవాడు, కుండలకు మట్టి తవ్వేవాడు, వీళ్ళు ఏ పట్టాలో ఉంటారు? కౌలుదారుకు తర్వాత చట్టం వచ్చింది, అది అందినవాళ్ళకు అందింది. మా గురించి రాయడానికి చట్టానికి మాటే లేదు. తుపాకీ చూపి తరిమిన వాడిది తప్పు కాదట, ప్రాణం దక్కించుకుని పోయిన మాది తప్పట.

సరూర్‌నగర్ చెరువుకు అవతల, దిల్‌సుఖ్‌నగర్ వైపు, సాగులో లేని బీడు ఉండేది. మాలాగే పారిపోయి వచ్చిన సాలె కుటుంబాలు కొన్ని చేరాక, రాళ్ళు ఏరి, ముళ్ళు కొట్టి, అక్కడ పొడుగాటి నేల చదును చేశాం. పిల్లలం నీళ్ళు చల్లి, దిమ్మెసలతో కొట్టి, ఆ పని పండుగలాగ చేశాం. మళ్ళీ పొద్దున్నే పడుగులు, మళ్ళీ గంజి వాసన. చెరువు మీది గాలికి తడి తొందరగా ఆరేది కాదు, అందుకని పెద్దవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. కొన్నేళ్ళు అలా గడిచాయి, నాకు మీసాలు రాబోతున్న రోజులవి. అప్పుడు భూమి కొలిచేవాళ్ళు గొలుసులు పట్టుకుని వచ్చారు. ఎవరో షావుకారు ఆ బీడంతా కొన్నాడట, ఇళ్ళ జాగాలుగా కోస్తాడట.

గొలుసు లాగే కూలీలు సరూర్‌నగర్ వాళ్ళే, పడుగు దాటకూడదని ఎరిగినవాళ్ళు. పడుగు కనపడగానే ఆగిపోయారు. కొలిచే ఆయన అడిగాడు, "ఇదెప్పుడు ఆరుతది పెద్దమ్మా?"

"ఆరినప్పుడు ఆరుతది" అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఇకనుంచి ఆ నేల మీద తడి పడుగు లేని పగలు ఉండొద్దు. ఒకరిది ఆరుతుండగా ఇంకొకరిది పరవాలి. నూలు లేకపోతే ఆరిన దానికే మళ్ళీ గంజి పెట్టాలి. అలాగే చేశాం. కొలిచేవాళ్ళు వస్తారు, తుమ్మ కింద కూర్చుంటారు, బీడీలు కాలుస్తారు, పోతారు. చివరికి షావుకారే జీపులో దిగాడు. "ఈ జాగ నాది" అన్నాడు.

"నీదే పటేలా, ఎవలు కాదన్నరు? పడుగు మాది. అది ఎత్తినంక నీ జాగ నువ్ తీస్కో" అంది నాయనమ్మ.

మేం ఎత్తలేదు. గంజి మీద గంజి ఎక్కి ఆ నెలల్లో నేసిన చీరలు అట్టల్లా తయారయ్యాయి. బట్టల సేటు ఒకటి నిలబెట్టి చూపించి, "ఇది కట్టుకునేదా, గుమ్మానికి బిగించేదా?" అని నలుగురిలో నవ్వాడు. నాయన ఇంటికొచ్చి నాయనమ్మ మీద గయ్యిమన్నాడు. ఆమె కుంచెలో ఇరుక్కున్న పోగులు తీసుకుంటూ అంది: "ఉతికితే సీర మెత్తగైతది. పోయిన జాగను ఏం పెట్టి ఉతుకుతవ్ కొడుకా?" మర్నాడు పొద్దున పడుగు పరిచింది నాయనే. షావుకారు విసిగిపోయి, ఇటు సగం అటు సగం ప్లాట్లు వేయించి, మధ్యలో మా నేలను దారిగా వదిలేశాడు. దయతో కాదు, విసుగుతో. నాకు ఆ విసుగే గొప్ప.

ఇప్పుడు ఆ దారికి రెండు వైపులా అపార్టుమెంట్లు. పడుగులు పోయాయి, తుమ్మలు పోయాయి, చెరువు గాలి గోడలకు తగిలి ఆగిపోతుంది. నా కొడుకులు చీరల దుకాణాల్లో చీరలు అమ్ముతారు గాని కుంచె ఏ చేత్తో పట్టాలో తెలియదు. ఊళ్ళోని మా నేల మీద కంచె లోపల ఎవరిదో తోట ఉంది. పోయినవన్నీ కాలం తీసుకుపోయిందని అందరూ అంటారు, నేను అనను. కొన్నింటిని మనుషులే తీసుకున్నారు.

ఈ మధ్య అపార్టుమెంటు వాళ్ళు ఆ దారికి అడ్డంగా ఇనుప గొలుసు కట్టి, బయటివారు రాకూడదని బోర్డు పెట్టారు. నేను రోజూ పొద్దున ఆ గొలుసు కొక్కెం తీసి, ఆ చివరిదాకా నడిచి వస్తాను. పక్కింటి పంతులమ్మగారు, తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినావిడ, ఒకరోజు అడిగింది. "మీకెందుకండీ బాబాయిగారూ ఈ వయసులో తగువు? చుట్టూ తిరిగి వెళ్ళొచ్చుగా."

"పడుగుంటే సుట్టు తిరిగి పోదునమ్మా. గొలుసుకు తిరగ."

సంగతంతా చెప్పాను. మర్నాడు కూరల సంచీ పట్టుకుని గొలుసు దగ్గర నిలబడి ఉంది. "తీయండి, నేనూ ఇటే వెళ్తాను" అంది. అప్పటినుంచి ఇద్దరం.

కాపలా పిల్లవాడు పాపం మంచివాడు. నిన్న దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "తాతా, నువ్విట్ల తీస్తే నా నౌకరి పోతది."

"మేం పోయినంక మళ్ల పెట్టు బిడ్డా, నీ నౌకరి నువ్ చెయ్యి" అన్నాను. "రేపు పొద్దున మళ్ల ఒచ్చి తీస్త."