ఎలిస్ ప్యూ అందించిన స్వరం

పలకరాతి గనిలో రాళ్ళు చీల్చే ఎలిస్ ప్యూకు ఆదివారం మరొక పని ఉండేది. ప్రార్థనామందిరంలో, ఏ వాద్యమూ లేకుండా, కీర్తనకు తొలి స్వరం అందించేది ఆయనే. కోటు బొత్తాన్ని రెండుసార్లు తాకి కళ్ళు మూసుకునేవాడు. కిటికీ అద్దాల మీది వాన కాసేపు ఆగినట్టనిపించేది. అప్పుడు స్వరం వచ్చేది. మూడువందల గొంతులు దాని మీద నిలిచేవి. గని వారానికి మూడు రోజులే నడిచిన 1932లో కూడా, ఆ చోటు ఆయనదే. అక్టోబరులో ఒక ఆదివారం, రెండో చరణం సాగుతుండగా, ఎందుకో, తట్టితే సరైన స్వరం పలికే శృతిదండాన్ని జేబులోంచి తీసి, మోకాటికి తట్టి చెవి వెనుక ఎముకకు ఆనించాడు. సభ సరిగ్గానే పాడుతోంది. తాను ఎత్తింది మాత్రం ఒక పూర్తి స్వరం ఎక్కువ.

"నేను ఎత్తినదాన్ని మీరంతా దించుతున్నారు కదూ?" అని, ప్రార్థన ముగిశాక, గుమ్మం దగ్గర మరదలు మార్గెడ్‌ను అడిగాడు.

"దించకపోతే ఎలా బావా? ఆ పైస్వరానికి నా కట్టుడుపళ్ళు ఊడి పాస్టరుగారి ఒళ్ళో పడవూ!"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఈస్టర్ నుంచి. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదులే."

"ఇంకొక్కసారి చూస్తాను. తప్పితే ఆ చోటు వదిలేస్తాను."

మరుసటి ఆదివారం, తన చెవి చెప్పినదానికి సరిగ్గా ఒక స్వరం తగ్గించి అందించాడు. సభ, అలవాటుకొద్దీ, సరైన ఆ స్వరాన్నీ దించింది. మంద్రగాయకులు నేల అడుగు నుంచి మూలిగినట్టు పాడారు; మార్గెడ్ భుజాలు నవ్వుతో కదిలాయి. ఎలిస్ కళ్ళు తెరిచి ఆ మూడువందల ముఖాలనూ చూశాడు. ఆపి మళ్ళీ ఎత్తలేదు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి, వాళ్ళున్న చోటికి తానే దిగి, వాళ్ళ వెనుకే పాడాడు.