మూడుసార్లు చెప్పే మావయ్యగారు

మా మావయ్యగారు ఏ మాటనైనా మూడుసార్లు చెబుతారు. మొదటిసారి చెప్పింది వినపడలేదేమోనని రెండోసారి, రెండోసారి విన్నవాళ్ళు నమ్మారో లేదోనని మూడోసారి. బస్టాండులో మైకు ముందు ముప్ఫై ఒక్కేళ్ళు కూర్చుని, ఏ బస్సు ఎక్కణ్ణుంచి బయలుదేరుతుందో చెప్పిన మనిషి. రిటైరైన రోజున మైకు అక్కడే వదిలేశారు గాని, గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

"దయచేసి గమనించండి. పాలు పొంగుతున్నాయి. స్టౌ మీది పాలు పొంగుతున్నాయి. పాలు పొంగుచున్నవి."

మూడోది పూర్తయ్యేసరికి గిన్నెలో పాలుండవు, స్టౌ కింద ఉంటాయి.

"పక్కనే నిలబడ్డారు కదా మావయ్యగారూ, మీరే కట్టెయ్యొచ్చుగా!"

"నాది చెప్పే డ్యూటీ అమ్మాయ్. నడిపేది డ్రైవరు."

ఓసారి నేను స్నానం చేస్తుండగా పక్కింటావిడ వచ్చింది. "కోడలు స్నానాల గదిలో ఉంది. పది నిమిషాలు ఆలస్యంగా నడుస్తోంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని గుమ్మంలో నిలబడి ఆయన చెప్పిన తీరుకి, నాకు లోపల సబ్బు చేజారిపోయింది. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ నన్ను చూసినప్పుడల్లా టైముకే నడుస్తున్నావా అని అడిగింది.

మావారితో చెప్పుకుంటే ఉపయోగం లేదు. చిన్నప్పటినుంచీ అలవాటైపోయి, ఆయన ఏ మాటైనా మూడోసారికి గాని వినిపించుకోరు. దాంతో ఈ ఇంట్లో నేను కూడా ప్రతిదీ మూడుసార్లు చెప్పాల్సి వస్తోంది. నా గొంతు ఎండిపోతోంది గాని ఎవరికీ పట్టదు.

ఇలా ఉండగా పాప పుట్టింది. దానికి అయిదో నెల వచ్చాక నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. కళ్ళజోళ్ళ షాపులో పని నాది. వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి, అద్దాలు బిగించి ఇవ్వాలి. నేను వచ్చేదాకా పాప తాతగారి దగ్గరే ఉండేది. ఎక్కడికీ లేచి వెళ్ళలేని శ్రోత దొరకడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి.

"చెంచా. ఇదిగో చెంచా. చెంచా ఏదీ?"

మూడూ అయ్యాకే ముద్ద నోట్లోకి వెళ్ళేది. టోపీ పెట్టాలంటే ముందు టోపీ మూడుసార్లు. గడియారం కిందుగా వెళ్తే గడియారం మూడుసార్లు. నాకు సెలవున్న రోజు ఒక్క గిన్నెడు అన్నం తినిపించడానికి ఆయనకి గంటా పావు పట్టింది. గోడకి తల బాదుకోవాలనిపించింది.

"ఇంకా మాటలే రాని పిల్ల కదండీ, దానికెందుకిన్ని ప్రకటనలు?"

"బస్సెక్కేవాళ్ళు నాకు తిరిగి జవాబు చెప్పేవాళ్ళా అమ్మాయ్? వినేవాళ్ళు, ఎక్కేవాళ్ళు. ముందు చెవికి తెలియాలి, నోరు తర్వాత. చెప్పేవాడు మాత్రం రోజుకో మాట మార్చకూడదు."

అంతకంటే చిరాకు సాయంత్రం పూట. నేను తలుపు తియ్యగానే తాతగారు మనవరాలిని ఎత్తుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉండేవారు. చెప్పులు విప్పుకునే చోటు కూడా ఉండేది కాదు. పైగా "అమ్మ వచ్చింది" అని మూడుసార్లు ప్రకటించాకే నన్ను లోపలికి రానిచ్చేవారు.

తొమ్మిదో నెలలో ఫలితాలు బయటపడ్డాయి. గడియారం ఏదీ అంటే పాప గోడకేసి చూసేది. టోపీ ఏదీ అంటే చిలక్కొయ్యకేసి చూసేది. చెంచా సంగతి సరేసరి. మావయ్యగారు బస్టాండు అంతా తనదే అన్నట్టు నడిచేవారు.

ఓ ఆదివారం మావారికి హుషారొచ్చి, నన్ను పాప ఎదురుగా కూర్చోబెట్టారు.

"అమ్మ ఏదే?"

పాప నన్ను చూడలేదు. నా భుజం మీదుగా ఎటో చూసింది.

మళ్ళీ అడిగారు. మళ్ళీ అటే చూసింది. మూడోసారీ అంతే. "అమ్మ కంటే చెంచా నయం" అని మావారు పకపకా నవ్వారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోజంతా దాన్ని వదిలి వెళ్తున్నందుకు నేను లోలోపల భయపడుతున్నది ఇదే. నన్ను మరిచిపోతుందేమోనని.

"ఇంట్లో ఉన్న సామానంతా నేర్పారు కదా మావయ్యగారూ! నన్నొక్కదాన్నే వదిలేశారా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "పొరపాటే అమ్మాయ్" అన్నారు.

ఒక్కసారే అన్నారు. కోపంలో ఉండి ఆ విషయం అప్పుడు నేను పట్టించుకోలేదు.

మంగళవారం షాపులో అద్దాలు కోసే మిషను చెడిపోయి, గంటన్నర ముందే ఇంటికి పంపేశారు. మెట్లెక్కుతుంటేనే గొంతు వినిపించింది. తలుపు పక్క కిటికీలోంచి లోపలికి చూశాను. పాపని ఎత్తుకుని మావయ్యగారు మూసిన తలుపు ముందు నిలబడ్డారు. ఆయన చేతిలో గోడ మీద ఉండాల్సిన నా ఫోటో ఉంది.

"దయచేసి గమనించండి. అమ్మ. ఇదిగో అమ్మ. అమ్మ ఏదీ?"

పాప ఆ ఫోటోని చేత్తో పక్కకి తోసేసి తలుపుకేసి చూసింది.

"అటు కాదే తల్లీ! అయినా నిన్ననేం లాభం? నాలుగు నెలలుగా రోజూ నిన్నెత్తుకుని ఈ గుమ్మం ముందే నిలబడి, ఇప్పుడొస్తుంది చూడు అమ్మ, అమ్మ ఏదీ అని ఊదరగొట్టాను. అమ్మ బెంగ పెట్టుకోకూడదు, నువ్వు మరిచిపోకూడదు అని నా తాపత్రయం. నువ్వేమో అమ్మంటే తలుపు అనుకున్నావు. పాపం, మీ అమ్మ ఏడ్చింది."

పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ చూపు పరీక్షించే నేను, నా పిల్ల చూపు ఎటు పోతోందో చూడలేదు. ఆదివారం నా భుజం మీదుగా అది చూసింది ఈ తలుపునే! నన్ను మరిచిపోలేదు. నేను వచ్చే దారి చూసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

లోపల ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. మూడో "అమ్మ ఏదీ"కి తలుపు తీశాను.

పాప కేరింతలు కొడుతూ నా మీదకి దూకేసింది. మావయ్యగారు ఫోటోని గబుక్కున వీపు వెనక్కి దాచారు.

"గంటన్నర ముందు వచ్చావేమిటమ్మాయ్? టైమ్ టేబుల్లో లేదే!"

"చాలా బాగా నేర్పారు మావయ్యగారూ."

"ఏమన్నావు?"

"చాలా బాగా నేర్పారు. చాలా బాగా నేర్పారు" అన్నాను. మూడూ అయ్యాకే ఆయన ముఖం విప్పారింది.

తప్పు దిద్దే పని ఇప్పుడు నా మీద పడింది. అమ్మంటే తలుపు కాదు, తలుపులోంచి వచ్చే మనిషి అని పాపకి తెలియాలి కదా. అమ్మ ఏదీ అని ఎవరడిగినా నేను చేతిలో పని వదిలేసి బయటికి పరుగెత్తాలి, తలుపు మూసుకోవాలి, మళ్ళీ తలుపు తీసి లోపలికి రావాలి. సెలవు రోజున ఇరవై ట్రిప్పులు తిరుగుతున్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

నిన్న నేను బయట నిలబడి ఉండగా లోపల "దయచేసి గమనించండి, పాలు" అని మొదలైంది. తలుపు తోసుకుని వచ్చేసరికి మూడోది నడుస్తోంది. పాలు స్టౌ కిందికి చేరిపోయాయి. తాతగారు స్టౌ వైపు వేలు చూపిస్తున్నారు. పాప మాత్రం అటు చూడటం లేదు, తలుపు వైపూ చూడటం లేదు, నేను గదిలో ఎటు పరుగెడితే అటే చూస్తోంది.