గోల్ ముందు నిలబడ్డ మా చిన్నాయన

మా చిన్నాయన పోయాడని పోయిన నెల ఒక మధ్యాహ్నం చిన్నమ్మ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. జడ్చర్లలో మందుల కంపెనీ గేటు దగ్గర డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చొక్కా విప్పి తీగ మీద వేస్తూ కూలిపోయాడట. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. నల్లగొండలో బస్సెక్కి కన్నీళ్ళు తుడుచుకుంటుంటే పక్కనున్నావిడ ఎవరు పోయారని అడిగింది. "మా చిన్నాయన. కంపెనీల సెక్యూరిటీ గార్డు" అన్నాను. అసలు సంగతి చెప్పలేదు. ఆయన ఒకప్పుడు దేశం తరఫున ఐస్ హాకీ ఆడిన మనిషి.

కేతేపల్లి దగ్గర మా ఊళ్ళో మా బాపు వ్యవసాయంలో ఉండిపోతే, ఆయన తమ్ముడైన చిన్నాయన చదువు ఆపేసి మిలిటరీలో చేరాడు. లేహ్‌లో డ్యూటీ వేశారు. చలికాలం అక్కడి చెరువులు గడ్డకడితే, జవాన్లూ ఊరి పిల్లలూ కలిసి ఇనుప పట్టీల బూట్లు కట్టుకుని, కర్రలతో నల్లటి రబ్బరు బిళ్ళను కొట్టుకుంటూ ఆడేవాళ్ళు. "నాకు జారుడు రాదంటిని. జారుడు రానోన్ని యాడ వెడ్తరు? గోల్ల నిలవెట్టిన్రు" అని నవ్వేవాడు. అలా నిలబడ్డవాడు కొన్నేళ్ళకు జట్టులో అందరికంటే నమ్మకమైన గోల్‌కీపర్, వాళ్ళ మాటలో గోలీ, అయ్యాడు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో దేశం జట్టుకు తీసుకున్నారు.

మా ఊరికి ఇది అర్థమయ్యే సంగతి కాదు. మంచు అంటే మాకు గోలాబండి దగ్గర దొరికేదే. మా అవ్వ అయితే, "నీళ్ళు గడ్డగట్టిన కాడ మనుషులు బతుకుడే కష్టం, గండ్ల ఆటెట్ల కొడుకా?" అని ప్రతిసారీ అడిగేది. ప్రతిసారీ ఆయన మొదటిసారి చెబుతున్నంత ఓపికగా చెప్పేవాడు.

సెలవు మీద వచ్చినప్పుడు పశువుల కొట్టం తలుపు ముందు మోకాళ్ళు వంచి నిలబడి, మమ్మల్ని తడిపిన బంతులతో కొట్టమనేవాడు. తడిపితే బరువెక్కుతాయని. చెయ్యి ఎర్రగా కమిలిపోయినా ఆపేవాడు కాదు. నాకు బంతి పట్టడం ఆయనే నేర్పాడు. "కొట్టేటోని మొఖం జూడకు బిడ్డా. మొఖం అబద్ధం జెప్తది. కర్ర జూడు" అనేవాడు.

మొదటిసారి విదేశంలో పోటీకి వెళ్ళి వచ్చినప్పుడు ఎడమ మోకాలికి కట్టుతో దిగాడు. అవతలి జట్ల గురించి బాపుతో చెప్పడం నేను విన్నాను. "వాండ్లకు ఆటే నౌకరి అన్నా. ఏడాది పొడుగున మంచు, ఏడాది పొడుగున ఆట. గందుకే జీతం. మాకు చెరువు గడ్డగడితే ఆట, సెలవు దొరికితే ఆట." ఆ మాటలో ఏడుపు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే ఉంది.

"ఎన్ని గోల్స్ పడ్డయి చిన్నాయినా?" అని అడిగాను.

"లెక్క వెట్టలే. ఆపినయి మాత్రం అన్ని యాదికున్నయి" అన్నాడు.

తర్వాత రెండు మూడేళ్ళు అదే జరిగింది. వెళ్ళడం, ఓడి రావడం. ఆయనకు మాత్రం ఒక్కటే ఆశ ఉండేది. ఒక్క ఆటైనా గెలిచిన జట్టులో గోల్ ముందు తాను ఉండాలి. చిన్నమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదట.

ఆ తర్వాతి పోటీకి ముందు శిబిరానికి ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. తండ్రి ఉద్యోగం వల్ల చలిదేశంలోనే పెరిగి, అక్కడ ఒక చిన్న జట్టులో జీతానికి ఆడుతున్న గోలీ. పాస్‌పోర్టు మనదే కాబట్టి ఆడవచ్చన్నారు. శిబిరంలో సగం మందికి నచ్చలేదు. ఇన్నేళ్ళు దెబ్బలు తిన్నది మేము, ఆడేది అతనా అన్నారు. కోచ్ ఎటూ తేల్చుకోలేక చివరికి మా చిన్నాయననే పిలిచి, ఎవరిని దింపాలో నువ్వే చెప్పమన్నాడట. చిన్నాయన ఆ అబ్బాయి ఆట వారం రోజులుగా చూస్తున్నాడు. "అతన్నే దింపండి సార్" అన్నాడు. రెండో గోలీగానైనా ఉండమంటే, ఆ జాగా కుర్రవాడికెవరికైనా ఇవ్వమని చెప్పి, మిగిలిన సెలవుకు ఇంటికొచ్చేశాడు.

చిన్నమ్మ ఆయనతో గట్టిగా కొట్లాడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"నీ జాగ నువ్వే ఇడిసిపెట్టి వస్తివా? నిన్ను పొమ్మన్నరా ఎవరన్న?"

"పొమ్మనలే. అడిగిన్రు, జెప్పిన."

"అబద్ధం జెప్తె ఏమైతది?"

"గోల్ వడ్తది" అన్నాడు చిన్నాయన.

ఆ పోటీలో, నేనెరిగి మొదటిసారి, మన జట్టు ఒక ఆట గెలిచింది. మా ఇంటి ముందు అరుగు మీద ఫోన్‌ను గోడకు ఆనించి అందరం చూశాం. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఆట అయిపోయే ముందు అవతలివాడు ఒక్కడే దూసుకొచ్చి కొడితే, కొత్త గోలీ పక్కకు పడిపోతూ కాలితో ఆపాడు. చిన్నాయన లేచి "ఆపిండు! ఆపిండ్రా!" అని అరిచాడు. గంట మోగాక మేమంతా చప్పట్లు కొడుతుంటే ఆయన అక్కడ లేడు. పెరట్లో నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. తువ్వాల ఇవ్వబోతే వెంటనే తీసుకోలేదు.

"గది నేనైతే ఆపకపోదును బిడ్డా" అన్నాడు. మళ్ళీ దోసిలి నిండా నీళ్ళు పట్టి మొహాన కొట్టుకున్నాడు. ఆ మాటలో సంతోషం ఎంతో, బాధ ఎంతో నాకిప్పటికీ తెలియదు.

జట్టు నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. మిలిటరీ నుంచి రిటైరయ్యాక జడ్చర్లలో కిరాయి ఇల్లు తీసుకుని కంపెనీ గేటు దగ్గర చేరాడు. మోకాలు వాచేది. కుర్చీ వేసినా కూర్చునేవాడు కాదని తోటి గార్డులు చెప్పారు. వాళ్ళు శవాన్ని చూడడానికి వచ్చినప్పుడు ఒకాయన గోడ మీద ఫోటో ముందు ఆగిపోయాడు. అందులో మొహానికి ఇనుప జాలీ, ఒళ్ళంతా మందపాటి మెత్తల రక్షణ, చేతిలో వెడల్పాటి కర్ర.

"గీ ఫోటోల ఉన్నదెవరమ్మా?" అని చిన్నమ్మను అడిగాడు.

"మీ సారే" అంది ఆమె.

ఆయన నమ్మలేనట్టు దగ్గరికెళ్ళి చూశాడు. ఇన్నేళ్ళూ పక్కపక్కన నిలబడి కాపలా కాశారు. ఒక్కనాడూ చెప్పలేదట.

ఢిల్లీలో నర్సుగా పనిచేస్తున్న చిన్నాయన వాళ్ళమ్మాయి వచ్చేదాకా శవాన్ని ఉంచాలని ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. బయట ఎండ మండిపోతోంది. పెట్టె అద్దం మీద మాటిమాటికీ చెమ్మ పట్టి ఆయన మొహం కనిపించకుండా పోతోంది. చిన్నమ్మ పక్కనే కూర్చుని కొంగుతో తుడుస్తోంది. తుడిచినంత మేర నుదురూ కళ్ళూ కనిపిస్తున్నాయి. ఎవరో ఆమెను లోపలికి తీసుకెళ్ళబోతే చెయ్యి విడిపించుకుంది. అంతలోనే అద్దం మళ్ళీ తెల్లబడింది. ఆమె మళ్ళీ కొంగు అందుకుంది.