సంపు మూత

పిల్లల సంరక్షణ కేంద్రాలకు లైసెన్సు ఇచ్చే ముందు తనిఖీ చేయడం నా ఉద్యోగం. కిటికీలకు ఊచలున్నాయా, మందులు పిల్లలకు అందని ఎత్తులో ఉన్నాయా, నీళ్ల సంపుకు మూత ఉందా అంటూ నాలుగు పేజీల ఫారం. టిక్కులు పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని ఆఫీసులో ఎగతాళి చేసేవాళ్లు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

ఉరవకొండ దగ్గరి ఒక పల్లెలో, కూలికి పోయే ఆడవాళ్ల పిల్లల కోసం ఒక అక్క రెండు గదుల్లో కేంద్రం పెట్టింది. నేను తనిఖీకి వెళ్లిన రోజు అంతా అద్దంలా ఉంది. వాకిట్లో నేలలోకి కట్టిన సంపుకు ఇనుప మూత, దానికి తాళం. టిక్కు పెట్టి, సంతకం చేసి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

రెండు నెలల తర్వాత చెప్పకుండా వెళ్లాను. ఆ రోజు ఊళ్లోకి కొళాయి నీళ్లు వచ్చాయి. ఎనిమిది రోజులకొకసారి వచ్చి గంటసేపు ఉండే నీళ్లు. ఆ గంటలో పొయ్యి మీద అన్నం మాడినా ఎవరూ పట్టించుకోరు. అక్క, ఆయా ఇద్దరూ బిందెలతో వీధి కొళాయి దగ్గరున్నారు. సంపు మూత తీసి పక్కన పడేశారు. పైపు లోపలికి వేలాడుతోంది. రెండేళ్ల పాప ఒకతి అంచున వంగి, పడుతున్న నీళ్లను చూసి నవ్వుతోంది.

గౌను పట్టుకుని వెనక్కి లాగాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తుకొచ్చిన అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను.

"నీళ్లొచ్చే దినం మూత తీయకుంటే సంపులోకి నీళ్లు ఎట్ల పడతాయి మేడం? ఆ పొద్దు మీరు అడగల్యా కదా," అంది ఆమె.

నిజమే, అడగలేదు. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ల మధ్యే. నీళ్లొచ్చే రోజు మా ఇంటి సంపుకూ మూత ఉండదు. ఎక్కడినుంచో వచ్చిన ఆఫీసరైతే తెలియదనుకోవచ్చు. అన్నీ తెలిసిన నేను, నీళ్లు రాని రోజున వెళ్లి మూత చూసి టిక్కు పెట్టాను. సిగ్గేసింది. సిగ్గుకన్నా భయమే ఎక్కువ వేసింది.

మూత కింద ఊడిరాని ఇనుప జాలీ బిగించి, పైపు పట్టేంత రంధ్రం మాత్రం వదలాలని, అందాకా పిల్లలను తీసుకోవద్దని రాసిచ్చాను. వెల్డింగ్ అతను వారం పడుతుందన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

సాయంత్రం పాప తల్లి వచ్చింది, కలుపు తీసిన మట్టి చేతులతోనే. నేనెవరో అక్క చెప్పగానే, గోడ మీద ఫ్రేము కట్టించిన లైసెన్సు చూపించింది.

"దాంట్లో ఉండే సంతకం మీదేనా మేడం? ఆ కాయితం చూసే ధైర్యంగా బిడ్డను ఇడిసిపోతాండా."

దాచడానికి మనసొప్పలేదు. పొద్దున జరిగిందంతా చెప్పాను. తప్పు నాది కూడా అన్నాను. జాలీ వేసేదాకా కేంద్రం మూస్తామన్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె పాపను చంకనెత్తుకుని, తల నుంచి కాళ్లదాకా తడిమి చూసుకుంది.

"అట్లనే మేడం," అంది. "రేప్పొద్దున మళ్లీ కలుపుకు పోవాల. ఆ చేను పక్కనే పాడుబడిన బాయి ఉండాది. దానికి మూతా లేదు, గోడా లేదు. బిడ్డను యాడ ఇడవాల?"