రెండూ కుడి చేతులే

టేపు పట్టకుండానే మనిషిని చూసి ఛాతీ ఎంతో చెప్పేస్తాడు కాబట్టి అందరూ అతన్ని టేపు మాస్టారు అనేవాళ్ళు. అన్నదమ్ముల కుట్టు దుకాణంలో కత్తెర అతనిది, మిషను తమ్ముడిది. ఇరవై రెండేళ్ళుగా జానెడు గుడ్డ పాడుచేసి ఎరగడు. అలాంటివాడు మొన్న, ఒకవైపే గళ్ళున్న గుడ్డతో కుట్టే చొక్కాకి రెండూ కుడి చేతులే కత్తిరించి పెట్టాడు. గళ్ళు కలవాలంటే చేతులు ఒక్కొక్కటిగా కత్తిరించాలి, రెండోసారి చేతి ఆకారంలో ఉండే అచ్చుకాగితాన్ని బోర్లా తిప్పాలి. తిప్పినట్టే అతనికి గుర్తు.

వారంలో ఇది మూడో పొరపాటు. తమ్ముడు కత్తెర తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు.

అతనికి హెచ్‌ఐవీ ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ సంగతి భార్యకీ డాక్టరమ్మకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"మాత్రలు ఎగ్గొడుతున్నారా?" అని భార్య నిలదీసింది.

"నీ మీద ఒట్టు, ఒక్క పూట తప్పలేదు." ఒట్టయితే వేశాడు గానీ, నిజంగానే తప్పలేదా అని మరుక్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది, పాపం.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉందని చెప్పింది.

"మరి నా బుర్రకేమైందమ్మా?"

"వైరస్ అణిగినా, దాని మీదికి లేచిన ఒంటి రక్షణ వ్యవస్థ కొందరిలో పూర్తిగా చల్లబడదండీ. లోపల్లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఆ సెగ మెదడుకీ తగలొచ్చు. మీది అదేనని ఇప్పుడే చెప్పలేను. నిద్ర, థైరాయిడ్, ఇంకా కొన్ని చూడాలి."

కాపలా కాసేదే కొంప ముంచుతోందంటే ఎవరిని తిట్టుకోవాలి? ఎంత బుర్ర గోక్కున్నా అతనికి అంతుపట్టలేదు.

తమ్ముడికి అంతా చెప్పేద్దామనే దుకాణానికి వెళ్ళాడు. నోరు తెరిచేలోగా తమ్ముడు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నయ్యా, తాగుతున్నావు కదూ?"

జన్మలో చుక్క ముట్టని మనిషికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అవునన్నట్టు తల ఊపాడు.

"అంతేనా? ఇంకేం రోగమో అని హడలి చచ్చాను." తమ్ముడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మానెయ్. మానేసిన రోజున కత్తెర నీ చేతిలో పెడతాను."

సరేనన్నాడు మాస్టారు. ఏం మానాలో మాత్రం తెలియక అక్కడే నిలబడిపోయాడు.