చెవి లాగి ఆపే మరిది

మా మరిది పుట్టు చెవిటివాడు, బడికి పోలేదు. ఎవరినైనా ఆపాలంటే తన చెవి తనే పట్టుకుని లాగేవాడు. చిన్నప్పుడు మా అత్త అతన్ని అట్లాగే చెవి పట్టి ఆపేది మరి.

పటాన్‌చెరులో మా ఇద్దరిదీ ఒకే కంపెనీ. అక్కడ కంప్యూటర్‌లో వచ్చే ట్రైనింగ్ పాఠానికి ఒక మూలన, చెవిటివాళ్ల కోసం, అతని సైగల వీడియో పెట్టారు. బధిరుల బడిలో చదివి, పనికోసం వచ్చిన ఇద్దరు ఆడపిల్లలకు అది చూపించారు. మిషన్ ఆపాలనే చోట మరిది చెవి లాగాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“వీళ్లకు సమజైతలేదు. మిషన్ కాడ ఎట్ల నిలవెట్టాలె? ఇంటికి తోలుడే,” అన్నాడు సూపర్‌వైజర్.

“జెర ఆగుండ్రి సార్. అది మా ఇంటి సైగ. వాళ్ల బడిల ఇంకోటుంటది,” అన్నాను.

మరిది వాళ్లెదుట కూర్చుని బడి సైగలు నేర్చుకున్నాడు. వీడియో మళ్లీ తీశారు. పిల్లలకు పని దొరికింది.

“ఇగ మన సైగలు వానికేం యాదికుంటయే?” అని వంటింట్లో దిగులుపడింది అత్త. పడుతూనే, ఉప్పేసిన కూరలో మళ్లీ ఉప్పు వెయ్యబోయింది.

ఎదురుగా మరిది చెవి లాగాడు. అత్త చెయ్యి ఆగిపోయింది.