మోటారుసైకిలుకు తోక

ముందే చెబుతున్నాను, నేను గోరంతను కొండంత చేసి చెప్పే మనిషిని.

దూరప్రయాణాల మోటారుసైకిలు వెనక నేను చిన్న ట్రైలర్ తగిలించిన రోజు ఢిల్లీలోని మా ఆర్.కె. పురం క్వార్టర్స్ అంతా బాల్కనీల్లోకి వచ్చింది. మా ఆవిడ షరతు ఒకటే. తన వెట్ గ్రైండర్ వసంత్ కుంజ్‌లో ఉన్న చెల్లెలింటికి క్షేమంగా చేరితే ట్రైలర్ ఉంటుంది, లేదంటే పాత సామాన్లు కొనే కబాడీవాడికి పోతుంది.

ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, గ్రైండర్‌ను ట్రైలర్‌లో పరుపుల మధ్య కట్టి, ఏనుగును ఊరేగిస్తున్నట్టు నడిపాను. సిగ్నల్ దగ్గర మాత్రం పాతికేళ్ల ఢిల్లీ అలవాటు పూనింది. రెండు కార్ల మధ్య సందు కనబడగానే దూరాను. బండి పట్టింది, ట్రైలర్ పట్టలేదు. వెనక కార్లు గురుగ్రామ్ దాకా బారులు తీరాయి.

"అంకుల్‌జీ, ఈ పెళ్లి బారాత్ ఎవరిది?" అని ఆటో భయ్యా హిందీలో అడిగాడు.

"వెనక్కి పోనివ్వండి," అంది మా ఆవిడ.

"దీనికి రివర్స్ గేరు లేదే."

"మరి తోక ఎందుకు పెట్టారు?"

ఆమే దిగి ట్రైలర్‌ను వెనక్కి లాగింది. గ్రైండర్ గీత పడకుండా చేరింది. నా నైపుణ్యానికి మురిసి ట్రైలర్‌ను ఉండనిచ్చింది.

ఆ మురిసిందన్నదే నా కల్పన. ఆమె నిజంగా అన్నది ఇది: "ఉండనివ్వండి. అది ఉంటేనన్నా మీరు సందుల్లో దూరరు."